కోఠీ మేడకూ సిరొంచకూ ఉన్న చుట్టరికం

హైదరాబాద్ వెళ్లిన మనవాళ్లు కోఠీలో పుస్తకాలు కొనుక్కుని వచ్చేస్తారు. ఆ దగ్గరే మహిళా విశ్వవిద్యాలయం ప్రహరీ లోపల ఉన్న తెల్లటి మేడను చూసేవారు తక్కువ. అదే పాత బ్రిటిష్ రెసిడెన్సీ, నిజాం దర్బారులో కంపెనీ ప్రతినిధి నివాసం.

1803లో పని మొదలైంది. కట్టించింది రెసిడెంట్ జేమ్స్ కిర్క్‌పాట్రిక్, నమూనా మద్రాసు ఇంజినీరు శామ్యూల్ రస్సెల్‌ది, ఖర్చు మాత్రం నిజాంది! ఎదుట ఆరు కొరింథియన్ స్తంభాలు, పైన త్రికోణపు ముఖభాగం, మెట్లకు అటూ ఇటూ సింహాలు. అంతా పాత గ్రీకు, రోమను గుడుల పోకడే. నక్షాను పెద్ద కాగితం మీద చూపితే నిజాం కాదన్నాడనీ, చిన్న కార్డు మీద గీసి చూపితే సరేనన్నాడనీ ఒక కథ చెబుతారు. స్కేలు పాఠం చెప్పే లెక్కల మాస్టార్లకు పనికొస్తుంది. భార్య ఖైరున్నీసా కోసం కిర్క్‌పాట్రిక్ తోటలో ఇదే మేడకు బొమ్మరిల్లులాంటి నమూనా కూడా కట్టించాడు.

1857 జూలై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ దాడి చేసింది ఈ రెసిడెన్సీ మీదే.

ఇక మన సంగతి. అప్పట్లో సిరొంచ నిజాం రాజ్యంలోది. 1860 డిసెంబరు ఒప్పందంతో గోదావరి ఎడమ ఒడ్డు తాలూకాలు బ్రిటిష్ వారి చేతికి వెళ్లాయి. గోదావరిలో పడవలు సుంకం లేకుండా తిరగాలన్నది వారి ఆలోచన. ఆ ఒప్పందం కుదిర్చినవాడు రెసిడెంట్ కర్నల్ డేవిడ్‌సన్. తర్వాత సిరొంచ కేంద్రంగా అప్పర్ గోదావరి జిల్లా ఏర్పడింది. 1874లో భద్రాచలం వైపు భాగం మద్రాసుకు పోయింది, సిరొంచ చాందాలో కలిసింది. 1982లో గడ్చిరోలి జిల్లా వచ్చింది. ఇంట్లో తెలుగు, తహసీలు కచేరీలో మరాఠీ ఎందుకని పిల్లలు అడిగితే జవాబు 1860 నుంచి మొదలుపెట్టాలి.

1949 నుంచి మేడలో ఆడపిల్లల తరగతులు నడిచాయి. పైకప్పులు కారి, గచ్చు రాలి శిథిలమయ్యే దశకు వచ్చింది. 2002లో వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ దీన్ని ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాలో చేర్చింది. తర్వాత ఏళ్ల తరబడి మరమ్మతులు చేశారు. పాత గోడలకు సిమెంటు పడదు, లోపలి తేమను బయటికి పోనివ్వదు. అందుకే మళ్లీ సున్నమే వాడారు. మన ఊళ్లలో పాత ఇళ్లకు సిమెంటు పూసేవారు ఇది గమనించాలి. 2023 జనవరిలో మేడ తిరిగి తెరుచుకుంది.

సిరొంచ నుంచి వంతెన దాటి కాళేశ్వరం మీదుగా వెళ్లవచ్చు. అది చదువులు నడిచే ఆవరణ కాబట్టి, పిల్లల్ని తీసుకెళ్లే బడులు ముందుగా ఉత్తరం రాసి అనుమతి అడగడం మంచిది.