ట్రైలరు కొక్కెం – దిగబడిన వాహనాన్ని లాగే పద్ధతి

కొత్తవలస నుండి శృంగవరపుకోట మీదుగా అరకులోయకు సాగే మార్గపు పక్క మట్టిబాటలలో, వానాకాలంలో జీపు దిగబడితే, దాని వెనుక ట్రైలరు తగిలించే ఇనుప గుండుకే తాడు వేసి లాగడం ప్రమాదకరం. ఆ గుండు రోడ్డుపై దొర్లే బండిని నిలకడగా లాగడానికే ఉద్దేశించినది. బురద పట్టును విడిపించే కుదుపుకు కాదు. దాని మెడ విరిగితే, సాగిన తాడులోని శక్తి గుండును ఫిరంగి గుండువలె విసురుతుంది. కనుక చట్రానికి గట్టిగా బిగించిన చదరపు గొట్టం ఉంటే, గుండు అమరికను తీసి, అందులో షాకిల్ దిమ్మను పిన్నుతో నిలిపి, వాహనపు వరుసలోనే నేరుగా లాగాలి.

లాగేది ట్రాక్టరైతే, తాడును వెనుక ఇరుసు కంటె దిగువనున్న డ్రాబారుకే కట్టాలి. పైన కడితే ముందుచక్రాలు లేచి ట్రాక్టరు వెనుకకు తిరగబడవచ్చు. ఏ పద్ధతిలోనైనా, చూసేవారు తాడు పొడవుకు మించిన దూరంలో నిలవడం తప్పనిసరి.