భోగి మంటలో వేయకూడని కాగితాలు

కోదాడలో మా అమ్మగారింటి పక్కన ఉండే పెద్దమ్మ ఈసారి భోగి మంట దగ్గరికి రాలేదు. గడప మీదే కూచుంది. "ఏం పెద్దమ్మా, రావా?" అని పిలిస్తే ఒక్కటే మాట అంది.

"నా చేతులతో నేనే కాల్చుకున్న గదమ్మా!"

పెద్దనాయన పట్నంలో సిమెంటు రేకులు తయారుచేసే ఒక కర్మాగారంలో ఇరవై రెండేళ్లు పనిచేశాడు. తర్వాత ఊరికొచ్చి చిన్న కిరాణా కొట్టు పెట్టుకున్నాడు. నాలుగేళ్ల కింద భోగికి పెద్దమ్మ ట్రంకుపెట్టె దులిపింది. పాత జీతం చీటీలు, డ్యూటీ పాసు, ఎప్పుడో తీసిన ఎక్స్‌రేలు... "ఉద్యోగమే లేనప్పుడు ఈ చెత్తెందుకు?" అని అన్నీ మంటలో వేసింది. మనమైనా అదే చేస్తాం కదూ!

ఆ తర్వాత రెండేళ్లకు ఆయనకు ఆయాసం మొదలైంది. ఏ డాక్టరు దగ్గరికి పోయినా మొదటి ప్రశ్న ఒకటే: "బీడీ తాగుతావా?" ఆర్నెల్లు టీబీ మందులు మింగాడు. చివరికి హైదరాబాదులో ఒక డాక్టరమ్మ మాత్రం "ఇదివరకు ఏం పని చేసేవారు?" అని అడిగింది. ముక్క తీసి పరీక్షకు పంపింది. ఊపిరితిత్తుల మీద ఉండే పొరకు క్యాన్సర్! ఆస్బెస్టాస్ పీచుతో పనిచేసిన వాళ్లకు వచ్చే జబ్బు ఇదనీ, పరిహారం అడిగే హక్కు ఉంటుందనీ, అక్కడ పనిచేసినట్టు కాగితాలు తెచ్చుకోమనీ చెప్పింది.

కాగితాలెక్కడివి? బూడిదై ఎన్నడో ముగ్గుల్లో కలిసిపోయాయి. పెద్దనాయన కూడా పోయి ఏడాదవుతోంది.

ఆలస్యంగా వచ్చే చుట్టం

మిషన్‌లో వేలు పడితే రక్తం అప్పుడే కనిపిస్తుంది. పదిమంది సాక్షులుంటారు. దుమ్ము, పొగ అలా కాదు. ఆస్బెస్టాస్ పీచు కంటికి కనిపించనంత సన్నగా ఉంటుంది. ఊపిరితిత్తుల్లో చేరితే కరగదు, బయటికి రాదు. జబ్బు బయటపడేసరికి ఇరవై, ముప్పై, ఒక్కోసారి నలభై ఏళ్లు గడుస్తాయి. అప్పటికి మనిషి పని మానేసి ఉంటాడు. తోటివాళ్లు తలో ఊరు పోయి ఉంటారు. ఇక "ఈ జబ్బు ఆ పని వల్లే వచ్చింది" అని చెప్పగలిగేదెవరు? కాగితాలే!

అమెరికా రైల్వే కార్మికుల కథ చదివాక ఈ సంగతి నాకు బాగా తెలిసొచ్చింది. పనిలో గాయపడ్డ రైల్వే కార్మికులు కంపెనీ మీద దావా వేసుకునేందుకు అక్కడ 1908లోనే ఒక చట్టం వచ్చింది. కంపెనీ నిర్లక్ష్యం కొంతైనా ఉందని రుజువు చేస్తే చాలు.

టామ్ యూరీ అనే ఆయన ఆవిరి ఇంజిన్లలో ఫైర్‌మన్‌గా దాదాపు ముప్పై ఏళ్లు పనిచేశాడు. చక్రాలు జారకుండా ఇంజిన్ నుంచి పట్టాల మీదికి ఇసుక చల్లేవారు. ఆ ఇసుక దుమ్ము పీల్చీ పీల్చీ 1940లో సిలికోసిస్‌తో మంచాన పడ్డాడు. దావా వేస్తే, దుమ్ము ఎన్నో ఏళ్ల నుంచీ పీలుస్తున్నాడు కాబట్టి గడువు ఎప్పుడో దాటిపోయిందని కంపెనీ వాదించింది. 1949లో అమెరికా సుప్రీంకోర్టు ఆ వాదన ఒప్పుకోలేదు. తనలో జబ్బు ఉందని మనిషికే తెలియనప్పుడు గడువు ఎలా దాటుతుంది? జబ్బు బయటపడినప్పటి నుంచే లెక్క అంది. ఎంత సబబైన మాట!

తర్వాత డీజిల్ ఇంజిన్లొచ్చాయి. 1988లో డాక్టర్ గార్షిక్, ఆయన సహచరులు సుమారు 55 వేల మంది అమెరికా రైల్వే ఉద్యోగుల రికార్డులు పరిశీలించారు. డీజిల్ పొగలో పనిచేసిన వాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాలు ఎక్కువని తేల్చారు. ఎవరు ఏ ఏట ఏ పని చేశారో పింఛను బోర్డు రాసి దాచిపెట్టింది కాబట్టే అది సాధ్యమైంది. 2012లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ, డీజిల్ పొగ మనుషులకు క్యాన్సర్ తెస్తుందని ప్రకటించింది. ఆస్బెస్టాస్, సిలికా దుమ్ము ఆ జాబితాలో అంతకుముందే ఉన్నాయి.

మన దగ్గర లేదా?

ఎందుకు లేదు! 1995 జనవరి 27న మన సుప్రీంకోర్టు ఆస్బెస్టాస్ కార్మికుల కేసులో పెద్ద తీర్పే ఇచ్చింది. కార్మికుడి ఆరోగ్యం అతని జీవించే హక్కులో భాగమంది. ప్రతి కార్మికుడి ఆరోగ్య రికార్డునూ పనిలో చేరినప్పటి నుంచి 40 ఏళ్లు, లేదా పని మానేశాక 15 ఏళ్లు, ఏది తర్వాతైతే అప్పటిదాకా యాజమాన్యం భద్రపరచాలంది. ఆస్బెస్టోసిస్ ఉన్నట్టు అహ్మదాబాద్‌లోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ ధ్రువీకరించిన కార్మికుడికి లక్ష రూపాయలు ఇవ్వమంది.

పనివల్ల వచ్చే జబ్బులకు పరిహారం ఇచ్చే చట్టం మనకు 1923 నుంచే ఉంది. 2025 నవంబర్ 21 నుంచి దాని స్థానంలో సామాజిక భద్రత కోడ్ అమల్లోకి వచ్చింది. ఏ పనికి ఏ జబ్బు అనే జాబితా ఆ పాత చట్టంలోనూ ఉంది, కొత్త కోడ్‌లోనూ ఉంది. ఆస్బెస్టాస్ వల్ల వచ్చే ఊపిరితిత్తుల క్యాన్సర్, తారు, ఖనిజ నూనెల వల్ల వచ్చే చర్మ క్యాన్సర్ అందులో ఉన్నాయి. ఈఎస్‌ఐ కట్టిన వాళ్లు ఈఎస్‌ఐ ద్వారా అడగాలి. మిగతావాళ్లు కార్మిక శాఖ ద్వారా. మనిషి పోతే అతని మీద ఆధారపడ్డ భార్యాపిల్లలు అడగొచ్చు. గడువులుంటాయి కాబట్టి జబ్బు తేలగానే కదలాలి.

ఇదంతా దూరపు ముచ్చట అనుకోకండి. మిర్యాలగూడ మీదుగా రైలు పోతుంది. ఊరి చుట్టూ బియ్యం మిల్లులు. సూర్యాపేట, కోదాడలకు రైలు లేకపోయినా హైవే మీద రాత్రింబవళ్లు లారీలే. ఆ లారీలు బాగుచేసే షెడ్లలో మన పిల్లలే పనిచేస్తారు. మేళ్లచెరువు, మఠంపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీలున్నాయి. ప్రతి దుమ్మూ క్యాన్సర్ తెస్తుందని నేను భయపెట్టడం లేదు. కానీ మన ఇంటి మనిషి రోజూ ఏం పీలుస్తున్నాడో మనకు తెలియాలా, వద్దా?

ఉతికే చేతుల సంగతి

1965లో లండన్‌లో మ్యూరియల్ న్యూహౌస్, హిల్డా థాంప్సన్ అనే ఇద్దరు మహిళలు, పెద్దనాయనకు వచ్చిన క్యాన్సరే వచ్చిన 76 మంది వివరాలు సేకరించారు. వాళ్లలో 9 మంది ఏ ఆస్బెస్టాస్ ఫ్యాక్టరీలోనూ పనిచేయలేదు. అక్కడ పనిచేసే వాళ్లు ఇంట్లో ఉండటమే వాళ్ల పాపం. ఎక్కువగా, ఆ దుమ్ము బట్టలు ఉతికిన ఆడవాళ్లు!

ఇది చదివినప్పుడు పెద్దమ్మ గుర్తొచ్చి నా గుండె జారిపోయింది. ఇరవై రెండేళ్లు ఆయన చొక్కాలు దులిపి నానబెట్టింది ఆమే కదా! ఎవరు లెక్క రాశారు?

అందుకే ఆస్బెస్టాస్ దగ్గర పనిచేసే వాళ్లు అక్కడే స్నానం చేసి, బట్టలు మార్చుకుని రావాలి. కుదరకపోతే ఆ బట్టలు దులపకుండా, విడిగా నీళ్లలో ముంచి ఉతకాలి. ఇంటి మీది పాత సిమెంటు రేకులు పగలగొట్టడం, కోయడం కూడా మంచిది కాదు.

ఒక పాత చీరెల సంచీ చాలు

చీటీపాట లెక్కలు పైసాతో సహా గుర్తుపెట్టుకునే మనకు ఇదొక లెక్కా? ఒక సంచీలో జీతం చీటీలు, పీఎఫ్, ఈఎస్‌ఐ నంబర్లు, గుర్తింపు కార్డు, ఎక్స్‌రేలు, రిపోర్టులు వేసి పెట్టండి. కాంట్రాక్టరు కింద పనైతే అతని పేరు, ఏ కంపెనీ పనో రాసుకోండి. ఏ ఏడాది నుంచి ఏ ఏడాది దాకా, ఏ విభాగంలో, ఏ రసాయనం దగ్గర... పిల్లల పాత నోటుపుస్తకంలో రాసినా సరే. తోటి కార్మికుల ఊళ్లూ పేర్లూ రాయండి, రేపు వాళ్లే సాక్షులు. ఆసుపత్రికి పోతే డాక్టరు అడగకపోయినా "మా ఆయన ఫలానా పని చేసేవాడు" అని మీరే చెప్పి, చీటీ మీద రాయించుకోండి.

పెద్దమ్మ కథ మాత్రం అక్కడితో ఆగలేదు. మొన్న బీరువాలో చీరెల కింద ఈఎస్‌ఐ కార్డొకటి దొరికింది. దాని మీద కుటుంబమంతా దిగిన ఫొటో ఉంది. చిన్నోడు ఒళ్లో, పెద్దది పక్కన, పెద్దనాయన బొద్దు మీసాలతో. ఫొటో మీద ప్రేమతో మంటలో వేయలేకపోయిందట! ఆ నంబరు పట్టుకుని కొడుకు దరఖాస్తు పెట్టాడు. ఏమవుతుందో ఇంకా తెలీదు.

"పైసల కోసం కాదు చెల్లె" అని మా అమ్మతో అంటోంది పెద్దమ్మ. "ఆయన బీడీ తాగి పోయిండని అందరూ అంటున్నరు. జన్మల బీడీ ముట్టనోడు. ఆ మాటొక్కటి కాయితం మీద పడాలె."

వచ్చే భోగికి పాత చీపుర్లు వేయండి, విరిగిన చాటలు వేయండి. ట్రంకుపెట్టెలో కాగితాలు మాత్రం ఒక్కసారి విప్పి చూడండి.