తుపాకీ గొట్టం శుభ్రత: అపోహలు – వాస్తవాలు

ఎన్నికల షెడ్యూలు వెలువడగానే గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల్లో లైసెన్సు తుపాకులు పోలీసు స్టేషన్లలో డిపాజిట్ అవుతుంటాయి. 2024లో మార్చి 16న షెడ్యూలు వస్తే, ఓట్ల లెక్కింపు జూన్ 4న జరిగింది. వారాల తరబడి కదలకుండా ఉండే తుపాకీకి తుప్పు పట్టకుండా ఉండాలంటే, అప్పగించే ముందే యజమాని దాన్ని సరిగ్గా శుభ్రం చేసి ఉండాలి. చాలామంది చేస్తారు కూడా. వాడే సామగ్రి దగ్గరే పొరపాటు జరుగుతోంది.

అపోహ: కిరసనాయిలుతో కడిగితే చాలు.
వాస్తవం: కిరసనాయిలు మసిని, పాత జిడ్డును బాగానే వదలగొడుతుంది. ఆరిపోయాక మాత్రం ఉక్కుకు ఏ రక్షణా మిగలదు. బాపట్ల, ఒంగోలు వైపు సముద్రపు తేమకు అలాంటి గొట్టం త్వరగా తుప్పు పడుతుంది. కడిగాక పొడిగుడ్డతో తుడిచి, గన్ ఆయిల్ పూస్తేనే పని పూర్తయినట్టు. స్ప్రేగా దొరికే డబ్ల్యూడీ-40ని 1953లో అమెరికాలో తయారుచేసింది నీటిని తరిమేయడానికి. వానలో తడిసిన తుపాకీకి అది పనికొస్తుంది. నెలల తరబడి నిల్వకు గన్ ఆయిలే కావాలి.

అపోహ: ఇంట్లో ఉన్న ఏ నూనె అయినా ఒకటే.
వాస్తవం: కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. మిరప కోతల రోజుల్లో, జనవరి తెల్లవారుజామున సీసాలో పేరుకునే నూనె ట్రిగ్గర్ భాగాల్లోనూ పేరుకుంటుంది. నువ్వుల నూనె గాలి తగిలి క్రమంగా జిగురవుతుంది, దుమ్మును పట్టేస్తుంది.

అపోహ: గొట్టానికి నీళ్లు అసలు తగలకూడదు.
వాస్తవం: అది తుపాకీ రకాన్ని బట్టి ఉంటుంది. పంట రక్షణ కోసం 1959 ఆయుధాల చట్టం ప్రస్తావించింది మూతి వైపు నుంచి మందు కూరే తుపాకీని. అందులో వాడేది సురేకారం, గంధకం, బొగ్గు కలిసిన పాతకాలపు మందు. అది కాలాక మిగిలే లవణాలు గాలిలోని తేమను లాగేస్తాయి. అవి నూనెలో కరగవు, నీళ్లలో కరుగుతాయి. అందుకే కాల్చిన రోజే సబ్బు కలిపిన వేడినీళ్లతో కడిగి, పూర్తిగా ఆరబెట్టి, నూనె పూయాలి. పొగలేని మందుతో వచ్చే నేటి పన్నెండు బోరు తూటాలకు ఈ అవసరం రాదు, మామూలు క్లీనింగ్ ద్రావకం సరిపోతుంది.

అపోహ: రాగిని వదలగొట్టే ఖరీదైన ద్రావకమే అన్నిటికీ మంచిది.
వాస్తవం: ఆ ద్రావకం రాగి తొడుగున్న రైఫిల్ బుల్లెట్ల కోసం. పన్నెండు బోరు తూటాలో సాధారణంగా సీసపు రవ్వలు, ప్లాస్టిక్ బిరడా ఉంటాయి. గొట్టాన్ని వెలుగు వైపు పట్టి చూడండి. తూటా కూర్చునే చోటుకు కాస్త ముందు, మూతి దగ్గర సన్నబడే చోట బూడిదరంగు చారలు కనిపిస్తే అవి సీసం లేదా ప్లాస్టిక్ మరకలు. ద్రావకం పూసి కాసేపు నాననిచ్చి, కంచు బ్రష్‌తో తోమితే వదులుతాయి.

అపోహ: ఇసుక కాగితంతో మెరిసేదాకా రుద్దాలి.
వాస్తవం: కంచు ఉక్కు కంటే మెత్తన కాబట్టి మురికినే తీస్తుంది. ఇసుక కాగితం ఉక్కునే అరగదీస్తుంది, అలా పోయింది మళ్లీ రాదు. తూటాల తుపాకీలో బ్రష్‌ను తూటా పెట్టే వైపు నుంచి మూతి వైపు పూర్తిగా బయటికి తోయాలి. మూతి నుంచి తోస్తే మురికంతా లోపలి భాగాల్లోకి చేరుతుంది.

అపోహ: నూనె ఎంత ఎక్కువైతే, తోలు సంచిలో ఎంత బిగిస్తే అంత భద్రం.
వాస్తవం: పలుచటి పొర చాలు. ఎక్కువైన నూనె కిందికి జారి చెక్క మడమలోకి ఇంకి, దాన్ని మెత్తబరుస్తుంది. నూనె పూశాక ఒక రోజు మూతిని కిందికి ఉంచితే ఆ బాధ తప్పుతుంది. తోలు, కాన్వాస్ సంచులు తేమను పట్టి ఉంచుతాయి. వాటిని మోసుకెళ్లడానికే వాడండి, నిల్వకు వద్దు. కాల్చే ముందు గొట్టంలోని నూనెను పొడిగుడ్డతో తుడవాలి. గుడ్డ పీలిక ఒక్కటి లోపల ఉండిపోయినా గొట్టం పేలిపోవచ్చు.

ఏ పని మొదలుపెట్టే ముందైనా తుపాకీలోంచి తూటాలు తీసి, పక్క గదిలో పెట్టండి. సీసం విషం కాబట్టి వంటింట్లో ఈ పని వద్దు, తుడిచిన గుడ్డలు పొయ్యిలో వేయవద్దు, చేతులు సబ్బుతో కడుక్కోండి. గొట్టం లోపల తుప్పు గుంటలు కనిపిస్తే మాత్రం సొంత వైద్యం చేయకండి. ఆ తుపాకీని కాల్చకుండా, లైసెన్సు ఉన్న మరమ్మతుదారుకు చూపించండి.