లైట్లు.. కెమెరా.. కెర్నెల్!

అన్నపూర్ణ, రామానాయుడు స్టూడియోలున్న జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ అనగానే నటన, దర్శకత్వమే గుర్తొస్తాయి. కానీ సినిమా లైట్లను బోర్డు నుంచి నడిపే డీఎంఎక్స్512 పద్ధతి వెనక ఉన్నది మన సీరియల్ పోర్టు పాఠమే!

1986లో వచ్చిన డీఎంఎక్స్512 సెకనుకు 2,50,000 బిట్లు పంపుతుంది. అందులో సమాచారం వెళ్లేది ఒకవైపే. తర్వాత వచ్చిన ఆర్‌డీఎంతో లైట్లు కూడా అదే తీగల మీద బదులిస్తాయి. కాబట్టి ఒకరు మాట్లాడుతుంటే మరొకరు ఆగాలి. ఈ వంతులు మార్చడానికి చాలా సర్క్యూట్లలో మోడెమ్‌ల నాటి ఆర్‌టీఎస్ సిగ్నల్‌నే వాడతారు.

కొత్తవాళ్లు తడబడేది ఇక్కడే. బఫర్ ఖాళీ అవగానే ఆర్‌టీఎస్ మార్చేస్తారు. చివరి బైటు ఇంకా షిఫ్ట్ రిజిస్టర్‌లోనే ఉంటుంది. అది మధ్యలోనే తెగిపోతుంది. మరీ ఆలస్యం చేస్తే లైటు పంపే జవాబుకు అడ్డం పడుతుంది. అందుకే లైనక్స్ 8250 డ్రైవర్ షిఫ్ట్ రిజిస్టర్ కూడా ఖాళీ అయిందని టీఈఎంటీ బిట్ చెప్పాకే వంతు మారుస్తుంది.

ఇంట్లోనే ఇలా మొదలుపెట్టండి

* ఆర్‌టీఎస్, సీటీఎస్ పిన్నులు రెండూ ఉన్న యూఎస్‌బీ-సీరియల్ అడాప్టర్ తీసుకోండి.
* రెండు పిన్నులనూ జంపర్ వైరుతో కలపండి.
* చిన్న సీ ప్రోగ్రామ్‌తో ఆర్‌టీఎస్ ఆన్ చేసి, సీటీఎస్ మారిందో లేదో చూడండి.
* ఆ తర్వాత 8250 డ్రైవర్ కోడ్ చదవండి.

‘బఫర్ ఖాళీ అయితే పంపడం పూర్తయినట్టేనా?’ అని ఎంబెడెడ్ ఇంటర్వ్యూలో అడిగితే, ‘కాదు’ అని కారణంతో సహా చెప్పగలరు. చేసి చూసినవారి జవాబులో ఆ ధీమా కనిపిస్తుంది.