నిలువు చిత్రం – అడ్డు చిత్రం

ముదినేపల్లి నుండి కైకలూరు మీదుగా ఆటపాకకు వెళ్ళేవారికి కొల్లేరు రెండు రూపాలలో కనిపిస్తుంది. ఒకటి, కనుచూపు మేర అడ్డంగా పరచుకొన్న నీరు. రెండవది, ఆ నీటి నడుమ నిలువుగా లేచిన చెట్లు, పక్షుల కోసం అటవీశాఖ నిలిపిన ఇనుప స్టాండ్లు, వాటిపై గూళ్ళు కట్టుకొన్న గూడబాతులు. 1999లో వన్యప్రాణి అభయారణ్యమై, 2002లో రామ్‌సర్ చిత్తడినేలల జాబితాకెక్కిన ఈ సరస్సును చిత్రించదలచినవారు రెండు రూపాలకూ సిద్ధపడి రావాలి. గూటిపై నిలిచిన పక్షికి నిలువు చట్రం నప్పుతుంది. అదే పక్షి సుమారు ఏడడుగుల రెక్కలు విప్పి ఎగిరినప్పుడు అడ్డు చట్రం కావాలి. ఈ రెండింటి నడుమ దొరికే వ్యవధి కొన్ని క్షణాలే.

కెమెరాను ట్రైపాడ్‌పై నిలిపేది దాని అడుగున బిగించే పావు అంగుళం మర ఒక్కటే. అడ్డు చిత్రానికి ఇది చాలు; కెమెరా బరువు మూడు కాళ్ళ నడుమ నేరుగా దిగుతుంది. నిలువు చిత్రం కోసం ట్రైపాడ్ తలను పక్కకు తొంభై డిగ్రీలు వాల్చామనుకొందాం. బరువు పెరగలేదు, కాని అది అక్షానికి దూరంగా జరిగింది. ఒకవైపే కుండ కట్టిన కావడిని మోసేవాని అవస్థ వంటిదే ఇది. భౌతికశాస్త్రంలో మీరు చదువుకొన్న భ్రామకం ఇక్కడ పనిచేస్తుంది. కటకం బరువైనదైతే కెమెరా ఆ ఒంటి మర చుట్టూ మెల్లగా తిరిగి ముక్కు వాలుస్తుంది. గట్టు మీది మెత్తటి మట్టిలో వాలిన వైపు కాలు దిగబడితే అంతా నీటిపాలు. అంతేకాక కెమెరా పక్కకు, కిందికి జరగడం వల్ల కూర్చుకొన్న దృశ్యం చెదురుతుంది. కాళ్ళను మళ్ళీ సర్దాలి. ఆ అలికిడికి గూటిమీది పక్షి లేచిపోవచ్చు. చిత్రం పోవడం కన్న అది పెద్ద నష్టం.

దీనికి విరుగుడు ‘ఎల్’ ఆకారపు బ్రాకెట్. కెమెరా అడుగునూ ఒక పక్కనూ అంటిపెట్టుకొనే లోహపు పట్టీ అది. ట్రైపాడ్ పట్టును వదులు చేసి, కెమెరాను తీసి, పక్క భాగాన్ని అదే పట్టులో బిగిస్తే చాలు. ట్రైపాడ్ తల వాలదు, బరువు నడుమనే ఉంటుంది, కటకం దాదాపు మునుపటి చోటికే వస్తుంది. అయితే బిగించిన తరువాత రసమట్టం చూడడం మరువరాదు. నీటి అంచు ఏమాత్రం ఒరిగినా చూపరికి సరస్సు ఒలికిపోతున్నట్లు తోస్తుంది.

విచిత్రమేమంటే, కొల్లేరు వెడల్పును పట్టడానికి సైతం నిలువు చట్రమే మేలు. కెమెరాను నిలువుగా ఉంచి, ట్రైపాడ్ తలను కొద్దికొద్దిగా తిప్పుతూ, ఒకదాని అంచు మరొకదానిపై పడేలా వరుస చిత్రాలు తీసి కలిపితే ఆకాశమూ నీరూ తగినంత ఎత్తుతో నిలుస్తాయి.

బ్రాకెట్ అందరికీ అవసరమని కాదు. పక్షులకు వాడే పొడవాటి కటకాలకు తరచుగా సొంత పట్టుకంకణం ఉంటుంది. ట్రైపాడ్‌పై నిలిచేది ఆ కంకణమే కనుక దాని మరను సడలించి కెమెరాను తిప్పితే పని పూర్తవుతుంది. అది లేనివారు లేతు పనివారిచేత అల్యూమినియం పట్టీని వంచి చేయించుకోవచ్చు. కాని మర పొడవు సరిచూసుకోవాలి. అవసరానికి మించి పొడవైన మరను బలవంతంగా బిగిస్తే కెమెరా అడుగు దెబ్బతింటుంది.