కీబోర్డుపై ఎడమచేతి పాఠం

మన సంఘాల ఉగాది, సంక్రాంతి వేడుకల్లో ఒకప్పుడు హార్మోనియం ఉన్న చోట ఇప్పుడు ఎలక్ట్రానిక్ కీబోర్డు కనిపిస్తోంది. తెలుగునాటికి దూరంగా ఉన్న ఊళ్ళలో పాడే పిల్లలు దొరుకుతారు గాని, తబలానో మృదంగమో వాయించేవారు అన్నివేళలా దొరకరు. అందుకే తాళం, బేస్, గిటారు అన్నీ తానే వాయించే ఈ పెట్టె మనకు అక్కరకొచ్చింది. అయితే పిల్లవాడు కుడిచేత్తో పాట చక్కగా వాయిస్తున్నా, వెనక వాద్యాలు ఒక్కోసారి వేరే దారి పడతాయి. సంగీతం రానివారికి కూడా ఎక్కడో పొసగలేదని తెలిసిపోతుంది. లోపం పెట్టెది కాదు, ఎడమచేతిది.

కీబోర్డులో ఎడమవైపు మెట్లు కొన్నింటిని ఈ పనికే కేటాయిస్తారు. అక్కడ నొక్కిన మెట్లను బట్టి యంత్రం కార్డును గుర్తిస్తుంది. కార్డు అంటే కలిపి మోగించే మూడు నాలుగు స్వరాల గుత్తి. తనలో ఉన్న వాద్యాల నమూనాను ఆ కార్డుకు తగ్గట్టు మార్చి వాయిస్తుంది. సాధారణంగా మరో కార్డు నొక్కేదాకా అదే సాగుతుంది. పాట ఎటు పోతోందో దానికి తెలియదు.

ఒక్క వేలితో కార్డు పలికించే సులువు కూడా ఉంది. కాని ఆ పద్ధతి కంపెనీని బట్టి మారుతుంది. కాసియో పద్ధతిలో మైనర్ కార్డు కావాలంటే మూలస్వరంతో పాటు దానికి కుడివైపున మరో మెట్టు నొక్కాలి. యమహా పద్ధతిలో ఎడమవైపున దగ్గరి నల్లమెట్టు నొక్కాలి. ఒకదానిపై అలవాటైన చేయి రెండోదానిపై తడబడుతుంది. మూడు స్వరాలూ పూర్తిగా నొక్కడం నేర్చుకుంటే ఏ కీబోర్డైనా ఒకటే.

మనకు తెలిసిన స్వరాల్లోనే చెప్పుకుందాం. ‘సి’ మెట్టును షడ్జమం అనుకుంటే స-గ-ప కలిపితే సి కార్డు, మ-ద-స కలిపితే ఎఫ్, ప-ని-రి కలిపితే జి. వరుస మార్చి నొక్కినా యంత్రం గుర్తిస్తుంది గనుక, చేయి దూరం జరపకుండా దగ్గరి మెట్లలోనే వీటిని పట్టుకోవచ్చు. పాడేవారి శ్రుతి వేరైతే ట్రాన్స్‌పోజ్ బటన్‌తో సరిచేసుకోవచ్చు. వేళ్ళ స్థానం మారదు.

అభ్యాసానికి మంచి పాట మన సంప్రదాయంలోనే ఉంది. ముత్తుస్వామి దీక్షితులు మద్రాసు దగ్గరి మణలిలో ఉన్న రోజుల్లో పాశ్చాత్య బాణీలు విని, వాటికి సంస్కృత సాహిత్యం కూర్చారు. అవే నోట్టుస్వరాలు. వాటిలో ‘శ్యామలే మీనాక్షి’ బాణీ పిల్లలకు బడిలో పరిచయమైన ‘ట్వింకిల్ ట్వింకిల్’దే. అందులో స, గ, పలు వచ్చినప్పుడు సి కార్డు, మ, దలకు ఎఫ్, రికి జి వేసి చూడండి. ఎక్కడా చెవికి గుచ్చుకోదు.

ఇవే మూడు కార్డులు మోహనానికి పనికిరావు. ఆ రాగంలో మధ్యమం, నిషాదం లేవు. ఎఫ్ నొక్కితే మధ్యమం, జి నొక్కితే నిషాదం పిలవని పేరంటానికి వచ్చేస్తాయి. స-గ-ప సి కార్డు, ద-స-గ ఎ మైనర్ కార్డు మాత్రమే అక్కడ ఇముడుతాయి. ఏ పాటకైనా ముందు రాగంలోని స్వరాలు రాసుకుని, వాటిలో ఏ కార్డులు కుదురుతాయో చూసుకోవాలి. తోడి, వరాళి వంటి రాగాలకు గమకమే ప్రాణం. వాటికి ఈ ఏర్పాటు ఆపేసి, తంబురా శ్రుతి పెట్టుకుని పాడించడమే మర్యాద.

తాళం సంగతీ చూసుకోవాలి. కీబోర్డులోని నమూనాలు ఎక్కువగా నాలుగు, మూడు దెబ్బలవి. ఆదితాళం నాలుగులో ఒదుగుతుంది. రూపకానికి వాల్ట్జ్ సరిపోతుంది. ఏడు దెబ్బల మిశ్రచాపు, ఐదు దెబ్బల ఖండచాపు వాటిలో ఇమడవు.

పిల్లలు మొదట తాళం ఆపి, నోటితో పాడుతూ ఎడమచేత్తో కార్డులు మాత్రమే వేయాలి. ఎక్కడ మార్చాలో చెవికి తెలిశాక నెమ్మదిగా తాళం కలపాలి. రోజుకు పావుగంట చాలు. ఇంట్లో అమ్మమ్మో నానమ్మో పాడుతుంటే వెనక వాయించమనండి. పెద్దల పాటలు పిల్లలకు వస్తాయి, పిల్లల చేతికి పని కుదురుతుంది. వచ్చే ఉగాదికి అలాంటి జంటలు మన వేదికపై వినిపించాలని కోరుకుందాం.