హరిత భవనములు - శ్రామికుల లెక్క

హైదరాబాదునుండి విజయవాడకు పోవు రాజమార్గమున చౌటుప్పలు సమీపమందలి దండుమల్కాపురములో 2019 నవంబరు 1వ తేదీన హరిత పారిశ్రామికవాడ ప్రారంభమయ్యెను. చిన్న, మధ్యతరహా పరిశ్రమలకు కాలుష్యరహితమైన నెలవు కల్పించుట దాని యుద్దేశము. ఉద్దేశము మెచ్చదగినదే. అంతకు మున్నే, 2003లో, హైదరాబాదునందలి సొరాబ్జీ గోద్రెజ్ హరిత వ్యాపార కేంద్రము అమెరికాకు వెలుపల ప్లాటినం యోగ్యత నందిన ప్రథమ భవనముగా ఖ్యాతి గాంచినది. నీటి పొదుపు, విద్యుత్తు పొదుపు, గాలి వెలుతురులు అన్నియు లెక్కించి యోగ్యతాపత్రము లిచ్చుచున్నారు. గోడ లెత్తిన చేతుల లెక్క యెచ్చట?

ఆ చేతు లెవరివో ఈ మెట్టసీమకు తెలియనిది కాదు. ‘పాలమూరు లేబరు’ అను మాట దేశమున అనేకములైన ఆనకట్టల చెంత వినబడినది. 1955లో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగరము రాతికట్టడము. వేలకొలది కూలీల భుజములపై లేచినది. మేస్త్రీ యిచ్చిన ముందుసొమ్ముకు కట్టుబడి ఆలుబిడ్డలతో దూరదేశములకు పోవుట ఈ ప్రాంతపు పేదలకు తరములుగా తప్పలేదు.

చట్టము లేకపోలేదు. కట్టడపు వ్యయములో నూటికి 1 మొదలు 2 రూపాయల వరకు సుంకము వసూలుచేసి శ్రామిక సంక్షేమమునకు వినియోగింపవలెనని 1996లో శాసనమయ్యెను. 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చిన సామాజిక భద్రతా స్మృతియు ఆ యేర్పాటును నిలిపినది. గత 12 నెలలలో 90 దినములు కట్టడపు పని చేసినవారు, 18 ఏండ్లు నిండి 60 ఏండ్లు నిండనివారు నమోదున కర్హులు. కాని నేడొక ఊర, రేపొక ఊర పనిచేయువానికి ఆ 90 దినముల సాక్ష్య మెవ రిత్తురు? హాజరుపట్టీ మేస్త్రీ చేతిలో నుండును. నిధులు పేరుకొనుచుండ కూలివానికి ఫలము దక్కకుండుటను 2018 మార్చిలో సర్వోన్నత న్యాయస్థానమే గర్హించెను.

కావున మేము కోరునది దుస్సాధ్యము కాదు. ప్లాను మంజూరు చేయునపుడే సుంకము వసూలు చేయు పద్ధతి యున్నది. ఆనాడే ఆ కట్టడపు శ్రామికుల పట్టికయు తెరువవలెను. కూలి నేరుగా వారికే చేరవలెను. స్త్రీకి పురుషునితో సమాన వేతన ముండవలెను. వేసవి నడిమధ్యాహ్నమున పని నిలిపి నీడయు నీరును చూపవలెను. రాతిని తడుపుచు కోసినచో ఊపిరితిత్తులను తినివేయు దుమ్ము చాలవరకు అణగును. అందుకు కావలసినది కొద్దిపాటి నీరు. సౌరఫలకముల నమర్చుట, వాననీటి నింకించుట వంటి పనులను చౌటుప్పలు యువతీయువకులకు నేర్పినచో ఆ జీవనోపాధి వారిదే యగును.

ఈ లెక్కలు తేలనంతవరకు హరిత యోగ్యతాపత్రము సగమే వ్రాయబడినదని మా యభిప్రాయము.